గిటార్ సొంతంగానా, మాస్టారి దగ్గరా? చేయవలసినవి - చేయకూడనివి

విశాఖలో పెందుర్తి, చినముషిడివాడ, సుజాతనగర్, వేపగుంట వైపు గిటార్ నేర్చుకోవాలనుకునేవారికి దారులు రెండు. ఫోను ముందు పెట్టుకుని వీడియోలు చూసి నేర్చుకోవడం ఒకటి, మాస్టారి దగ్గర చేరడం రెండోది. ఏది పట్టినా అభ్యంతరం లేదు. కానీ మొదటి నెల మీ చేతులు చూసే మనిషి ఒకరు ఎదురుగా ఉండాలి. వీడియో మీకు కనిపిస్తుంది, మీరు వీడియోకి కనిపించరు. మణికట్టు వంకర పోతున్నా, తీగ తెగే దాకా బిగిస్తున్నా అది మిమ్మల్ని ఆపదు. అపస్వరం పలికితే ఎవరికీ ఏమీ కాదు. తప్పు పట్టు, తప్పు ప్లగ్గు, తప్పు మనిషి, వీటితోనే ప్రమాదం. కింది సూచనలు వాటి కోసమే.

చేయవలసినవి

దారి ఎంచుకునేటప్పుడు

- సొంతంగా నేర్చుకునేవారైనా మొదటి నెలలో నాలుగు క్లాసులకైనా వెళ్లండి. పట్టు కుదిరాక మానేసినా ఫర్వాలేదు.

- ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి వెళ్లి చేయి చూపించుకోండి. పట్టు చెడుతున్న సంగతి వాయించేవారికి తెలియదు.

- ఫీజు కట్టే వీలు లేకపోతే బాగా వాయించే తెలిసినవారి ముందు పది నిమిషాలు కూర్చోండి. చర్చిలో వాయించేవారు, ఆర్కెస్ట్రావారు ప్రతి పేటలోనూ ఉంటారు. అడిగితే కాదనేవారు తక్కువ.

- ఎవరూ దొరక్కపోతే ఫోనును పక్కగా నిలబెట్టి మీ చేతినే వీడియో తీసి చూసుకోండి. చూసే పాఠం కంటే తీసుకున్న వీడియో ఎక్కువ తప్పులు పట్టిస్తుంది.

- ఒకే వీడియో పాఠాల వరసను మొదటి నుంచి చివరిదాకా పట్టుకోండి.

- చేరేముందు డెమో క్లాసు అడగండి. మాస్టారు మీ చేతివైపు చూస్తున్నారా, తన వాయింపులోనే ఉన్నారా గమనించండి.

- మాస్టారు స్వయంగా గిటార్ వాయిస్తారో లేదో కనుక్కోండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయనకు మాండలిన్ వాయించడం వచ్చేది కాదు. ఆయన పాడితే శ్రీనివాస్ దాన్ని తీగల మీదకు తెచ్చుకునేవారు. అలాంటి గురువు దొరికితే సంగీతం ఆయన దగ్గరే నేర్చుకోండి, వదలకండి. మణికట్టును మాత్రం గిటార్ వాయించేవారికి చూపించండి.

- ఎడమచేతివాటం ఉంటే మొదటిరోజే చెప్పండి. అమెరికా గిటారిస్టు జిమి హెండ్రిక్స్ కుడిచేతి గిటార్‌నే తిప్పి, తీగలు మార్చి వాయించాడు. ఏ చేత్తోనో మొదట్లోనే తేల్చుకోండి, మధ్యలో మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

గిటార్, తీగలు

- పిల్లలకు వారి ఒడిలో ఇమిడే గిటార్ కొనండి. 5 నుంచి 8 ఏళ్లవారికి సుమారుగా సగం సైజు, 9 నుంచి 11 ఏళ్లవారికి ముప్పావు సైజు సరిపోతుంది.

- కొనేముందు 12వ ఫ్రెట్ (మెడకర్ర మీది అడ్డ లోహపు కమ్మి) దగ్గర స్కేలు పెట్టి చూడండి. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే తగ్గించి ఇమ్మనండి. వేళ్ల నొప్పికి సగం కారణం ఈ ఎత్తే.

- వేళ్లు సున్నితంగా ఉన్నవారు, చిన్నపిల్లలు నైలాన్ తీగల గిటార్‌తో మొదలుపెట్టండి.

- ఫ్యాక్టరీ పనిలో వేలికి దెబ్బ తగిలినవారు సన్నని తీగలు వేయించుకోండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడైన టోనీ ఐయోమీ 17 ఏళ్ల వయసులో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, తేలిక తీగలు కట్టుకుని 'బ్లాక్ సబ్బత్' బృందానికి గిటార్ వాయించాడు.

- శ్రుతి చేసేముందు ఏ తీగ మీద వేలుందో, ట్యూనర్ యాప్‌లో ఏ స్వరం కనిపిస్తోందో రెండూ సరిచూసుకోండి. లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఆరో తీగ (లావుది) సుమారు 82 హెర్ట్జ్, మొదటి తీగ (సన్ననిది) 330. అక్షరం ఒకటే అయినా ఎత్తు వేరు. ఈ పొరపాటుకు తీగలు తెగుతాయి.

- కొత్త తీగ బిగించేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. స్టీలు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. తెగిన కొస కంటికి తగిలితే చూపు పోవచ్చు.

- తీగలు మార్చేటప్పుడు ముందు పూర్తిగా వదులు చేసి, తర్వాతే కత్తిరించండి.

- కత్తిరించిన ముక్కలను చుట్టి, కాగితంలో పెట్టి, టేపు వేసి పారేయండి. చెత్త ఏరే కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి. ఇంట్లో పాకే పసిపిల్లలుంటే నేలంతా వెతికి చూడండి.

- వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడవండి. మనకు చెమట ఎక్కువ, గాలిలో తేమా ఎక్కువే. తుప్పు త్వరగా పడుతుంది.

- గిటార్ సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. చలిదేశాల వీడియోల్లో గిటార్‌కు తేమ పట్టించమని చెబుతారు. అది వాళ్ల పొడి గదులకు పనికొచ్చే మాట, విశాఖకు వర్తించదు.

చేతులు, మెడ, వెన్ను

- చేతులు లేని కుర్చీలో, రెండు పాదాలూ నేలకు లేదా పీటకు ఆనేలా కూర్చోండి.

- మొదలుపెట్టేముందు రెండు నిమిషాలు వేళ్లు ముడిచి తెరవండి, మణికట్లు నెమ్మదిగా తిప్పండి.

- తీగలు నొక్కే చేతి మణికట్టు వీలైనంత నిటారుగా ఉంచండి. ఎఫ్ కార్డు పట్టేటప్పుడు అద్దంలో చూసుకోండి. చూపుడువేలు ఆరు తీగలనూ అణచాలి కాబట్టి మణికట్టు తనంతట తాను ముందుకు పొడుచుకొస్తుంది, మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కుంటుంది, బొటనవేలు మెడకర్రను పిసుకుతుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా చేయి దించి మళ్లీ పట్టండి.

- ఫ్రెట్‌కు ఆనుకుని, వెనకవైపున నొక్కండి. మధ్యలో నొక్కితే ఎక్కువ బలం కావాలి.

- తీగ పలికే కనీస బలం ఎంతో తెలుసుకోండి. వేలు ఆనించి, మీటుతూ కొంచెం కొంచెంగా నొక్కండి. గరగర పోయిన చోట ఆపండి. అంతకుమించి నొక్కేదంతా వృథా.

- 20 నిమిషాలు వాయించి 5 నిమిషాలు ఆపండి. ఫోనులో అలారం పెట్టుకోండి.

- రోజువారీ సాధన వారానికి కొద్ది నిమిషాల చొప్పునే పెంచండి.

- నొక్కే చేతి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి.

- ఏ నొప్పి మామూలు, ఏది కాదు తెలుసుకోండి. వేలికొసల మంట మొదటి కొన్ని వారాలు ఉంటుంది, కాయ కట్టాక పోతుంది. మణికట్టు, ముంజేయి, మోచెయ్యి, భుజం నొప్పి మామూలు కాదు.

- బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా, రాత్రి నిద్రలో మొద్దుబారినా సాధన ఆపి వైద్యుణ్ని కలవండి. మణికట్టు దగ్గర నరం నలుగుతున్నప్పుడు ఇలా ఉంటుంది. చిటికెనవేలి తిమ్మిరి అయితే మోచేతి దగ్గర నరాన్ని అనుమానించాలి.

- మధుమేహం ఉన్నవారు వేలికొసలను రోజూ చూసుకోండి. స్పర్శ తగ్గితే పుండు పడినా తెలియదు.

చెవులు, కరెంటు

- ఇయర్‌ఫోన్ శబ్దం తగ్గించి పెట్టుకోండి. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

- బ్యాండుతో వాయించేటప్పుడు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. 85 డెసిబెల్స్ 8 గంటలు తట్టుకునే చెవికి, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 91 దగ్గర మిగిలేది 2 గంటలే.

- స్టీలుప్లాంటు, పోర్టు, వర్క్‌షాపుల్లో పనిచేసేవారు డ్యూటీలో విన్న మోతను కూడా ఆ రోజు లెక్కలో కలుపుకోండి.

- యాంప్‌ను ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే తగిలించండి. పాత ఇల్లయితే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి.

- బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు.

- పందిట్లో, మండపంలో వాయించేముందు కరెంటు ఎక్కడినుంచి లాగారో అడగండి. బ్రిటన్ గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే నెలలో స్వాన్సీలో వేదిక మీద సరైన ఎర్తింగ్ లేని మైకు పట్టుకుని చనిపోయాడు. ఒక చేయి తీగల మీద, ఇంకో చేయి మైకు మీద ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది.

- ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడూ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు కోసం రోజుల తరబడి చూసిన ఊరు మనది. తిరిగి వచ్చే కరెంటు ఒక్కసారిగా ఎగసి రావచ్చు.

- ఎవరికైనా షాక్ తగిలితే మొదట మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి. 108కి ఫోను చేయండి. వీధి తీగల సమస్య అయితే విద్యుత్ సంస్థ నంబరు 1912.

పిల్లలు, డబ్బు, రోడ్డు

- పిల్లల మొదటి క్లాసులకు పక్కనే కూర్చోండి. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్లండి.

- క్లాసు తలుపు తెరిచి ఉంచమని నిక్కచ్చిగా అడగండి. మంచి మాస్టారు దీనికి నొచ్చుకోరు.

- చేయి సరిచేయడానికి ముట్టుకునేముందు అడగాలని పిల్లలకూ, మాస్టారికీ ఇద్దరికీ చెప్పండి.

- అనుమానం కలిగితే 1098కి ఫోను చేయండి. పిల్లల మీద లైంగిక నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది.

- ఫీజు నెలనెలా కట్టండి, రసీదు తీసుకోండి.

- గ్రేడు పరీక్షలు రాయించదలిస్తే ముందే ఆ సంగతి చెప్పి, ఆ సిలబస్ తెలిసిన మాస్టారినే వెతకండి.

- బండి మీద గిటార్‌ను వీపుకు తగిలించుకుంటే మెడకర్ర తలకన్నా పైకి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. కొమ్మలకూ, వేలాడే కేబుళ్లకూ తగులుతుంది.

చేయకూడనివి

దారి ఎంచుకునేటప్పుడు

- "7 రోజుల్లో గిటార్" ప్రకటనలు నమ్మకండి. వేలికొస కాయ కట్టడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

- హెండ్రిక్స్ సొంతంగా నేర్చుకున్నాడు కదా అని వాదించకండి. అలా నేర్చుకుని చేయి పాడు చేసుకున్నవారి పేర్లు ఎవరూ రాయరు.

- మాస్టారి దగ్గర చేరాం కాబట్టి ఇంట్లో సాధన అక్కర్లేదనుకోకండి. వారానికి ఒక గంటతో చేయి తిరగదు.

- ఒకే సమయంలో ఇద్దరు మాస్టార్ల దగ్గర చేరకండి. మొదట్లో ఇద్దరి పట్టూ కలిసి మూడో వంకర పట్టు తయారవుతుంది.

- 15 మందిని ఒకేసారి కూర్చోబెట్టే బ్యాచిలో మొదటి నెల చేరకండి. అక్కడ మీ చేయి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

- నొప్పి అని చెబితే "ఓర్చుకో, అందరికీ ఉంటుంది" అనే మాస్టారి దగ్గర కొనసాగకండి. ఎక్కడ నొప్పి అని అడగనివారు గురువు కారు.

- వీడియోలో వేళ్ల వేగం చూసి అదే వేగంతో మొదలుపెట్టకండి. వీలుంటే సగం వేగంలో పెట్టి చూడండి.

గిటార్, తీగలు

- ధర తక్కువని ఆన్‌లైన్‌లో చేత్తో పట్టి చూడకుండా కొనకండి.

- నైలాన్ తీగల గిటార్‌కు స్టీలు తీగలు వేయకండి. దానికి సుమారు రెట్టింపు లాగుడు. బ్రిడ్జి ఊడి ముఖం మీదకు రావచ్చు.

- సినిమా పాట శ్రుతికోసం తీగలు బిగించుకుంటూ పోకండి. కేపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి, అది ఉన్నది అందుకే.

- తుప్పు పట్టిన తీగ మీద సాధన చేయకండి. వేలు కోస్తుంది. కోసుకుంటే కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు తీసుకున్నారో చూసుకోండి.

- తీగను పంటితో పట్టి లాగకండి, పంటితో కొరకకండి.

- మెడకర్రలోని ట్రస్ రాడ్‌ను వీడియో చూసి తిప్పకండి. ఒక్క చుట్టు ఎక్కువైతే మెడ దెబ్బతినవచ్చు. ఈ ఒక్క పని ఎంత సొంతంగా నేర్చుకునేవారైనా దుకాణంలోనే చేయించుకోవాలి.

- ఎండలో నిలిపిన కారులో గిటార్ వదిలేయకండి. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, తీగల లాగుడుకు బ్రిడ్జి లేస్తుంది.

- వాయించని రోజుల్లో గోడకు వాలుగా నిలబెట్టకండి. పిల్లల మీద పడుతుంది.

చేతులు, మెడ, వెన్ను

- మంచం మీద, సోఫాలో కూరుకుపోయి వాయించకండి. వెన్ను వంగుతుంది, మణికట్టు దాంతోపాటే.

- తీగలు కనిపించడం లేదని గిటార్ ముఖాన్ని పైకి తిప్పుకోకండి. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది చేసే తప్పు ఇదే. మణికట్టు మెలిక ఇక్కడే మొదలవుతుంది.

- నొక్కే చేత్తో మెడకర్రను మోయకండి. గిటార్ తొడమీద, బెల్టుమీద నిలవాలి.

- శ్వాస బిగపట్టి, పళ్లు కొరుకుతూ కార్డులు మార్చకండి. దవడ బిగిసిందంటే భుజం కూడా బిగిసినట్టే.

- నొప్పి మాత్ర వేసుకుని సాధన కొనసాగించకండి. ఆపమని చెప్పే గొంతును మాత్ర నొక్కేస్తుంది.

- వేలి బొబ్బలు చిదపకండి, కాయలు బ్లేడుతో చెక్కకండి.

- వేలికొసలకు జిగురు అంటించకండి. అమెరికా గిటారిస్టు స్టీవీ రే వాన్ అలా చేసేవాడని చదివి ఇక్కడి కుర్రాళ్లు ప్రయత్నించవచ్చు. అది చర్మాన్ని పొరగా ఊడదీస్తుంది.

- వారమంతా ముట్టకుండా ఆదివారం నాలుగు గంటలు వాయించకండి. చేతికి దెబ్బ తగిలేది ఆదివారాల్లోనే.

- పరీక్షకో, సంగీత్ ఫంక్షన్‌కో ముందు వారం సాధన ఒక్కసారిగా రెట్టింపు చేయకండి.

- నైట్ షిఫ్టు దిగి నిద్రమత్తులో కొత్త కార్డులు నేర్చుకోకండి. అలసిన చేయి బలంతో నొక్కుతుంది, ఆ అలవాటే నిలిచిపోతుంది.

- తిమ్మిరిని మర్దనతో, కట్టుతో దాటవేయకండి. తిమ్మిరికి వైద్యుడే.

చెవులు, కరెంటు

- మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టకండి. యాంప్ నుంచి వచ్చే బుర్రుమనే శబ్దం పోవడానికి ఈ పని చేసేవారున్నారు. పోయేది శబ్దం ఒక్కటే కాదు, రక్షణ కూడా.

- తడిచేతులతో, తడిగచ్చు మీద వట్టికాళ్లతో ఎలక్ట్రిక్ గిటార్ ముట్టకండి. ఇంట్లోనే కదా అనుకోకండి. 'యార్డ్‌బర్డ్స్' బృందం ఒకప్పటి గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ప్రాణం పోగొట్టుకున్నది ఇంట్లో గిటార్ వాయిస్తూనే.

- వినాయక చవితి పందిళ్లలో కొక్కెం వేసి లాగిన కరెంటుకు యాంప్ కలపకండి. కమిటీవారు ఎంత బతిమాలినా, ఎంత తెలిసినవారైనా.

- గిటార్ తీగలు, మైకు తగిలినప్పుడు కొంచెం జిల్లుమన్నా తేలిగ్గా తీసుకోకండి. అదే ముందస్తు హెచ్చరిక, రెండోసారి ఇవ్వకపోవచ్చు.

- యాంప్ వెనక మూత విప్పకండి. ముఖ్యంగా వాల్వుల యాంప్‌లో ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

- చెవిలో గుయ్యిమనే శబ్దం మొదలైతే మర్నాటికి తగ్గుతుందని మళ్లీ అదే శబ్దానికి వెళ్లకండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

- రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకండి. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. మాట్లాడుకునే గొంతు కూడా దాన్ని దాటుతుంది.

రోడ్డు, డబ్బు, పిల్లలు

- బీఆర్‌టీఎస్ రోడ్డు మీద గిటార్‌ను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో బండి నడపకండి. ముందు పెట్టుకుని హ్యాండిల్‌కు అడ్డం రానివ్వకండి.

- పెందుర్తి స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు గిటార్ సంచితో ఫుట్‌బోర్డు మీద నిలబడకండి. సంచి తగులుకుంటే మిమ్మల్ని కూడా లాగుతుంది.

- ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా.

- ముఖం తెలియని ఆన్‌లైన్ కోర్సులకు వచ్చిన లింకు మీద డబ్బు పంపకండి. మోసపోయారని తెలిస్తే జాప్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

- క్లాసు బయట మాస్టారు పిల్లలతో విడిగా చాటింగ్ చేయడాన్ని ఒప్పుకోకండి. క్లాసు సమయం, సెలవు, ఫీజు, ఏ కబురైనా పెద్దల ఫోనుకే రావాలి.

- పిల్లల వీడియోలు తీసి ప్రకటనలకు వాడుకోవడానికి మొహమాటంతో సరేననకండి.

- బాగా వాయించడం లేదని పిల్లలను బంధువుల ముందు పోల్చకండి. నొప్పి పుట్టినా చెప్పకుండా నొక్కుతారు.

- నిన్నటిదాకా ఉత్సాహంగా వెళ్లిన పిల్ల ఒక్కసారిగా క్లాసుకు వెళ్లనని మొరాయిస్తే బద్ధకమని కొట్టిపారేయకండి. ఆ రోజు పంపకండి. ముందు చేయి నొప్పా అని అడగండి, తర్వాత మాస్టారి గురించి అడగండి.